50 అవర్స్ ఉన్నాయి సరే, అందులో డిగ్రీకి పనికొచ్చేవి ఎన్ని?

ప్రశ్న: నమస్తే అండీ. మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం, మాది గుంటూరు. మా అమ్మాయికి 19 ఏళ్ళు, హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది, కాలిన్ కాలేజ్ అనే కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు చెప్పే కాలేజీ) చదువుతోంది. హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ కోర్సులు చేసిన డ్యూయల్ క్రెడిట్‌తో కలిపి 50 క్రెడిట్ అవర్స్ అయ్యాయి, మూడు కోర్సులు మధ్యలో డ్రాప్ చేసింది, హైస్కూల్‌లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో కంప్యూటర్ సైన్స్‌లో 4 స్కోర్ కూడా ఉంది. ఇప్పుడు యూటీ డాలస్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి ట్రాన్స్‌ఫర్ అవుతానంటోంది. మాకు తెలిసినావిడ వాళ్ళబ్బాయికి సగం క్రెడిట్స్ పోయాయని భయపెడుతోంది, మా అమ్మాయి సీనియర్ ఒకమ్మాయేమో అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి ఆంటీ అంటోంది. ఎవరిది నమ్మాలి? ఇప్పుడే వెళ్ళాలా, ఇక్కడ రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ అయ్యాక వెళ్ళాలా? ఊళ్ళో మా అత్తగారు వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా అసలది కాలేజీయేనా అని అడుగుతున్నారు, జవాబు చెప్పలేక చస్తున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ పంపిస్తున్నాను, చూసి చెప్పండి.
– ఒక అమ్మ, ఫ్రిస్కో

జవాబు: నమస్తే అమ్మా. మీకు చెప్పినవాళ్ళు ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, తిప్పలంతా అక్కడే ఉంది. ముందు మీ భయం తీరేలా చెప్పేస్తాను, మీ అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్ లైను లైనూ చూశాను, 50 అవర్స్‌లో నా లెక్క ప్రకారం 47 యూనివర్సిటీ రికార్డులోకి ఎక్కుతాయి, అందులో ఒక 40 డిగ్రీకి నిజంగా పనికొస్తాయి. సగం పోవడం అనే మాటే లేదు. కానీ ఇప్పుడే వెళ్ళిపొమ్మని మాత్రం నేను చెప్పను, ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి, వీలైతే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మన దగ్గర పాలిటెక్నిక్ చేసినవాళ్ళు ఈసెట్ రాసి డైరెక్టుగా బీటెక్ సెకండ్ ఇయర్‌లో చేరతారు చూడండి, అక్కడ మూడేళ్ళ డిప్లొమాని మొత్తంగా ఒక ముద్దలా తీసుకుని నువ్వు ఫస్ట్ ఇయర్ చదవక్కర్లేదు అంటారు, ఏ సబ్జెక్టుకి ఏ సబ్జెక్టు అని ఎవరూ విడదీసి అడగరు. ఇక్కడ అలా కాదు, ఒక్కో కోర్సునీ విడివిడిగా తూకం వేస్తారు. ఒక్కో కోర్సు మూడు గేట్లు దాటాలి. ఆ కోర్సుని అసలు యూనివర్సిటీ తీసుకుందా అనేది మొదటిది. తీసుకున్నది కోర్ కరికులమ్‌లో, అంటే ఏ డిగ్రీ వాళ్ళైనా చెయ్యాల్సిన ఉమ్మడి కోర్సుల్లో, ఏదైనా గడి నింపిందా అనేది రెండోది. మేజర్‌లో, అంటే ప్రధాన సబ్జెక్టులో, కావాల్సిన కోర్సు స్థానంలో కూర్చుందా అనేది మూడోది. మొదటి గేటు దాటి మిగతా రెండూ దాటనివి ఎలక్టివ్ అని పడతాయి, రికార్డులో ఉంటాయి, అవర్స్ కనిపిస్తాయి, కానీ కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీల్లో ఉత్త ఎలక్టివ్‌కి చోటు చాలా తక్కువ కాబట్టి డిగ్రీ ఒక్క అంగుళం కూడా ముందుకి జరగదు. మీ సీనియర్ అమ్మాయి చెప్పింది మొదటి గేటు సంగతి, మీ ఫ్రెండ్ ఏడుస్తున్నది మూడో గేటు గురించి. ఆవిడ కొడుక్కి క్రెడిట్స్ పోయి ఉండవు, ఎలక్టివ్‌లో కూర్చుని ఉంటాయి.

ఇప్పుడు మీ అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్‌కి వద్దాం. టెక్సాస్‌లో ఒక మంచి పని చేశారు, కమ్యూనిటీ కాలేజీ కోర్సులకి రాష్ట్రమంతా ఒకటే నంబరు పెట్టారు, మ్యాథ్ 2413 అంటే కాలిన్‌లో అయినా డాలస్ కాలేజ్‌లో అయినా హ్యూస్టన్‌లో అయినా కాల్క్యులస్ 1 అనే అర్థం. నంబర్లో మొదటి అంకె 1 అయితే ఫస్ట్ ఇయర్ స్థాయి, 2 అయితే సెకండ్ ఇయర్ స్థాయి, రెండో అంకె ఎన్ని అవర్సో చెప్తుంది, అంటే 2413 నాలుగు అవర్స్. ఇది తెలిస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీరే చదివేయొచ్చు.

ఇంగ్లిష్ 1301, 1302, హిస్టరీ 1301, 1302, గవర్నమెంట్ 2305, ఇవన్నీ డ్యూయల్ క్రెడిట్‌లో చేసింది, కాలేజ్‌కి వచ్చాక గవర్నమెంట్ 2306, సైకాలజీ 2301, ఆర్ట్స్ 1301 చేసింది. ఇవి మొత్తం 24 అవర్స్, అన్నీ కోర్‌లో నేరుగా పడతాయి, వీటి గురించి మర్చిపోండి. కాల్క్యులస్ 1 బంగారం, అటు కోర్‌లో మ్యాథ్ గడి నింపుతుంది, ఇటు మేజర్‌లో కూడా పనికొస్తుంది. సీఓఎస్‌సీ 1436, 1437 రెండు ప్రోగ్రామింగ్ కోర్సులూ మేజర్‌లోకి వెళ్ళేవే. బయాలజీ 1408 కోర్‌లో సైన్స్ కింద పడుతుంది.

ఇక ఇబ్బంది పెట్టేవి చూద్దాం. ప్రీకాల్క్యులస్ 2412 నాలుగు అవర్స్, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ప్లాన్ కాల్క్యులస్ నుంచే మొదలవుతుంది కాబట్టి ఇది ఎలక్టివ్ అయిపోతుంది, అయితే వృథా అనుకోకండి, అది చదవబట్టే కాల్క్యులస్‌లో బీ వచ్చింది. ఎడ్యుకేషన్ 1300, అదే లెర్నింగ్ ఫ్రేమ్‌వర్క్, మూడు అవర్స్, ఇది కూడా ఎలక్టివ్‌లోకి పోయే రకమే. అసలు దెబ్బ ఐటీఎస్ఈ అని మొదలయ్యే మూడు అవర్ల కోర్సు. పేరు చూస్తే ప్రోగ్రామింగే, ల్యాబ్‌లో చేసింది కూడా కోడింగే, మరి ఎందుకు వెళ్ళదు అంటే టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు రెండు పుస్తకాల్లో ఉంటాయి, ఒకటి యూనివర్సిటీకి వెళ్ళడానికి ఉద్దేశించిన అకడమిక్ కోర్సుల పుస్తకం, రెండోది నేరుగా ఉద్యోగంలో చేరేవాళ్ళ కోసం తయారుచేసిన వర్క్‌ఫోర్స్ కోర్సుల పుస్తకం. ఐటీఎస్ఈ, ఐటీఎన్‌డబ్ల్యూ లాంటివి రెండో పుస్తకంలోవి. యూనివర్సిటీలు మామూలుగా వాటిని డిగ్రీకి తీసుకోవు. ఇది మన పిల్లలు ఎక్కువగా పడే గొయ్యి, ఎందుకంటే పైథాన్ అని, క్లౌడ్ అని, సైబర్ సెక్యూరిటీ అని పేర్లు చూడగానే ఇదే కదా మాకు కావాల్సింది అని చేరిపోతారు. అందుకే అసోసియేట్ డిగ్రీల్లో కూడా ఏఎస్, ఏఏ అనేవి ట్రాన్స్‌ఫర్‌కి, ఏఏఎస్ అనేది ఉద్యోగానికి, ఆ ఒక్క అక్షరం దగ్గర రెండేళ్ళు తేడా వచ్చేస్తుంది. మీ అమ్మాయికి ఒక్క కోర్సుతో సరిపోయింది, ఇక మీదట రిజిస్టర్ అయ్యేముందు కోర్సు పేరు కాదు, ముందున్న అక్షరాలు చూడమనండి.

కోర్ గురించి ఇంకో మాట చెప్పాలి, ఇది చట్టం కాబట్టి గట్టిగా చెప్తున్నాను. టెక్సాస్ పబ్లిక్ కాలేజీలు, యూనివర్సిటీలు అన్నిట్లో కోర్ 42 అవర్స్. ఒక చోట ఆ 42 పూర్తిచేసి ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్ కంప్లీట్ అని పడితే, ఇంకో పబ్లిక్ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తీసుకోవాల్సిందే, మా కోర్‌లో ఇంకో రెండు చెయ్యి అనడానికి వీల్లేదు. పూర్తికాకుండా వెళ్తే చేసినవాటికి క్రెడిట్ ఇస్తారు కానీ మిగిలినవి ఆ యూనివర్సిటీ లిస్టు ప్రకారం చెయ్యాలి. మీ అమ్మాయికి ఇప్పటికి 30 అయ్యాయి, మిగిలింది 12. లాంగ్వేజ్, ఫిలాసఫీ, కల్చర్ అనే గడిలో మూడు, సైన్స్‌లో ఇంకో మూడు, ఆప్షన్ అనే గడిలో ఆరు. ఇక్కడే తెలివిగా ఉండాలి. సైన్స్ మిగిలింది కదా అని ఇంకో తేలికైన బయాలజీయో జియాలజీయో తీసుకుంటే కోర్ నిండుతుంది, మేజర్ నిండదు. ఫిజిక్స్ 2425 తీసుకుంటే ఒకే కోర్సుతో రెండూ నిండుతాయి. ఏ కోర్సు తీసుకున్నా రెండు చోట్ల పనిచేస్తుందా అని చూసుకోవాలి. అన్నిటికీ ఇది కుదరదు, కానీ కుదిరిన చోట వదులుకోకూడదు.

ఇప్పుడే వెళ్ళాలా అన్న ప్రశ్నకి వద్దాం. మీ అమ్మాయి ఇంకా కాల్క్యులస్ 2 చెయ్యలేదు, డేటా స్ట్రక్చర్స్ చెయ్యలేదు, ఫిజిక్స్ ముట్టుకోలేదు. కంప్యూటర్ సైన్స్‌లో పై కోర్సులన్నీ వీటి వెనకాల గొలుసులా ఉంటాయి, ఇది అయితే గానీ అది తీసుకోనివ్వరు. కాబట్టి 50 అవర్స్ ఉన్నాయి, సగం డిగ్రీ అయిపోయినట్టే అని వెళ్తే, అక్కడ మొదటి ఏడాది మళ్ళీ ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ కోర్సులే చేస్తూ ఉంటుంది, అవే కోర్సులు కాలిన్‌లో కౌంటీ వాళ్ళకుండే తక్కువ ఫీజుకి వచ్చేవి యూనివర్సిటీ ఫీజు కట్టి చేస్తుంది. అవర్స్ చూస్తే సెకండ్ ఇయర్, కూర్చునేది ఫస్ట్ ఇయర్ క్లాసులో. తీసుకోనిచ్చే మేజర్ కోర్సులు లేక, మిగతావి ఏం తీసుకోవాలో తెలియక, ఫుల్ టైమ్ ఉండటానికి ఏదో ఒకటి తీసుకుని అవర్స్ పెంచుకునే పిల్లల్ని చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ డబ్బు అమ్మానాన్నలు ఎలా కడుతున్నారో తెలుసు కాబట్టి.

అందుకే నా సలహా ఏంటంటే కాలిన్‌లో ఇంకొంచెం ఆగి కాల్క్యులస్ 2 అంటే మ్యాథ్ 2414, ఫిజిక్స్ 2425, ఆ తర్వాత 2426, డేటా స్ట్రక్చర్స్ అంటే సీఓఎస్‌సీ 2436, ఫిలాసఫీ 1301, ఈ ఐదూ చేసి వెళ్ళమనండి. ఇవి 19 అవర్స్, ఒకే సెమిస్టర్‌లో కుక్కొద్దు, కాల్క్యులస్ 2, ఫిజిక్స్, డేటా స్ట్రక్చర్స్ మూడూ కలిపి చేస్తే జీపీఏ దెబ్బతింటుంది, ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్‌కి చూసేదే ఆ జీపీఏ. సమ్మర్‌లో ఒకటీ, ఫాల్, స్ప్రింగ్‌లో మిగతావి అని సర్దుకుంటే హాయిగా అయిపోతాయి. పైగా ఒక లెక్క చూడండి, టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ నుంచి 66 అవర్స్‌కి మించి తీసుకోవాలనే నిర్బంధం యూనివర్సిటీల మీద లేదు. 47కి 19 కలిపితే సరిగ్గా 66. అంతకుమించి ఒక్క కోర్సు కూడా అక్కడ చెయ్యొద్దు, ఎవరెంత చెప్పినా. కమ్యూనిటీ కాలేజీలో మీ అమ్మాయి చేసేదంతా లోయర్ డివిజనే, అంటే మొదటి రెండేళ్ళ స్థాయి, డిగ్రీకి కావాల్సిన అప్పర్ డివిజన్ (పై స్థాయి) అవర్స్ ఎలాగూ యూనివర్సిటీలోనే చెయ్యాలి.

అసోసియేట్ డిగ్రీ కావాలా అంటే, దారిలో వచ్చేస్తే తీసుకోవచ్చు, అది వచ్చినంత మాత్రాన అన్నీ మేజర్‌లో పడతాయని మాత్రం అనుకోవద్దు. దాని కోసమే రెండు కోర్సులు అదనంగా చెయ్యాల్సి వస్తే వద్దు. కోర్ కంప్లీట్ అనే ముద్ర ఉంది చూశారూ, దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒకవేళ ముందే వెళ్ళిపోయినా, యూనివర్సిటీలో చేసిన క్రెడిట్స్ వెనక్కి పంపించి అసోసియేట్ తెచ్చుకునే రివర్స్ ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతి కూడా టెక్సాస్‌లో ఉంది.

డ్రాప్స్ సంగతి. 2007 ఫాల్ నుంచి కాలేజీలో చేరినవాళ్ళకి టెక్సాస్ పబ్లిక్ కాలేజీలన్నిట్లో కలిపి డిగ్రీ అయ్యేలోపు ఆరు డ్రాపులే, కాలేజీ మారితే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవ్వదు, వెంట వస్తుంది. మీ అమ్మాయి మూడు వాడేసింది. సెమిస్టర్ మొదట్లో సెన్సస్ డేట్ (స్టూడెంట్ల లెక్క అధికారికంగా తీసే రోజు) లోపు తీసేస్తే అది లెక్కలోకి రాదు, కాబట్టి వద్దనుకుంటే ఆ డేట్ లోపే తేల్చుకోమనండి. ఇంకోటి, డిగ్రీకి కావాల్సిన అవర్స్ కన్నా 30 దాటి ఎక్కువైతే పబ్లిక్ యూనివర్సిటీలు ఇన్-స్టేట్ ఫీజు ఆపేసి ఔట్-ఆఫ్-స్టేట్ స్థాయి దాకా వసూలు చెయ్యొచ్చు. హైస్కూల్ గ్రాడ్యుయేషన్ కోసం వాడుకున్న డ్యూయల్ క్రెడిట్ ఆ లెక్కలో పడదు, మీ అమ్మాయి ఆ అంచుకి దూరంగానే ఉంది, కాకపోతే మేజర్ రెండుసార్లు మార్చే పిల్లలకి ఇది గట్టిగా తగులుతుంది.

ఏపీ స్కోర్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. అది మామూలుగా మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకి బదులుగా ఇస్తారు, ఆ కోర్సు ఆల్రెడీ చేసేసింది కదా, ఒకే కోర్సుకి రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. అయినా స్కోర్ ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి యూనివర్సిటీకి నేరుగా పంపించండి, కాలిన్ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటే సరిపోతుందిలే అనుకోవద్దు.

ఎస్ఎంయూ, రైస్ లాంటి ప్రైవేట్ యూనివర్సిటీలకీ, వేరే రాష్ట్రాలకీ పైన చెప్పిన కోర్ చట్టం వర్తించదు, అక్కడ అన్నీ వాళ్ళ ఇష్టం. అమ్మాయి మనసు అటు మళ్ళితే లెక్కంతా మొదటి నుంచి వేసుకోవాలి.

హెచ్4 గురించి మీరు అడగలేదు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. 21 దాటితే హెచ్4 ఉండదు, ఆ లోపే ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మార్చుకోవాలి. ఎఫ్1 మీదకి వచ్చాక ఫాల్, స్ప్రింగ్ రెండు సెమిస్టర్లూ 12 అవర్స్ ఫుల్ టైమ్ చెయ్యాలి, ఆ 12లో ఆన్‌లైన్ క్లాసు ఒకటే, మూడు అవర్లే, లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఫిలాసఫీ లాంటివి ఆన్‌లైన్‌లో చేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడు హెచ్4 మీద ఉండగానే చేసెయ్యమనండి. కాలిన్‌లో ఉండగా ఎఫ్1 తీసుకుని ఆ తర్వాత యూనివర్సిటీకి మారితే సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు), కాలేజీ ఇచ్చే ఐ20 పత్రం కూడా మార్పించుకోవాల్సి వస్తుంది, యూనివర్సిటీలో చేరాక అప్లై చేస్తే ఆ ఒక్క పని తగ్గుతుంది. పుట్టినరోజు తారీఖు ముందు పెట్టుకుని లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ట్రాన్స్‌ఫర్ సెమిస్టర్ దాన్ని బట్టే ఖాయం చేసుకోండి.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ఇది మీరు కాదు, అమ్మాయే చెయ్యాలి. ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు స్టూడెంట్‌దే, మీరు ఫోన్ చేస్తే వాళ్ళు మాట్లాడరు, అది మర్యాద తక్కువ కాదు, రూలు. యూటీ డాలస్ సైట్‌లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ప్లాన్ తీసి ప్రింట్ చేసుకోమనండి, ఏ సంవత్సరం క్యాటలాగో పైన రాసుకోమనండి. పక్కన కాలిన్ కోర్సు నంబర్లు రాసి, ఏ కోర్సు ఏ గడిలో పడుతుందో పెన్సిల్‌తో తనే నింపాలి, యూనివర్సిటీ ఈక్వివలెన్సీ టేబుల్ చూస్తూ. ఖాళీగా మిగిలిన గడులు ఎన్నో అవే లెక్క, చేసిన అవర్స్ ఎన్ని అనేది కాదు. అప్పుడు ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌కి మెయిల్ రాయాలి, నా క్రెడిట్స్ ట్రాన్స్‌ఫర్ అవుతాయా అని అడిగితే అవుతాయి అనే జవాబే వస్తుంది, అలా అడగొద్దు. ఈ కోర్సు డిగ్రీ ప్లాన్‌లో ఏ రిక్వైర్‌మెంట్‌కి పనికొస్తుంది అని ఒక్కో కోర్సుకీ విడిగా అడగాలి, జవాబు రాతపూర్వకంగా దాచుకోవాలి. సిలబస్‌లు పారెయ్యొద్దు, ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోమనండి, రెండేళ్ళ తర్వాత ఆ ప్రొఫెసర్ ఉంటారో లేదో.

అకడమిక్ కోర్సుకి క్రెడిట్ ఇవ్వం అంటే ఊరుకోవాల్సిన పనిలేదు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీ లోయర్ డివిజన్ కోర్సుని కాదంటే ఎందుకు కాదన్నదో స్టూడెంట్‌కీ, ముందు కాలేజీకీ రాసి ఇవ్వాలి, రెండు కాలేజీలూ కూర్చుని తేల్చుకోవడానికి 45 రోజులు గడువు, తేలకపోతే రాష్ట్ర హయ్యర్ ఎడ్యుకేషన్ కమిషనర్ దగ్గరికి వెళ్తుంది. అంతదాకా వెళ్ళేవాళ్ళు తక్కువే, కానీ ఈ దారి ఉందని తెలిసి అడిగినవాళ్ళకీ తెలియక ఊరుకున్నవాళ్ళకీ తేడా ఉంటుంది. అయితే ఐటీఎస్ఈ కోర్సు కోసం ఈ పోరాటం చెయ్యొద్దు, అది నిలబడదు.

మీ అత్తగారికి ఏం చెప్పాలంటే, రేపు మీ అమ్మాయి చేతికి వచ్చే డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుందని చెప్పండి, మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివిందో ఆ పట్టా మీద రాయరు. మీ ఈసెట్ బంధువులు ఎవరైనా ఉంటే వాళ్ళ పేరు చెప్పండి, ఇంకా తొందరగా అర్థమవుతుంది.

అడ్వైజర్ నుంచి జవాబు వచ్చాక ఏ కోర్సు అయినా ఎలక్టివ్ అని పడి ఉంటే ఆ కోర్సు నంబరు, సిలబస్ నాకు పంపించండి. ముఖ్యంగా సీఓఎస్‌సీ 1437 ఏ గడిలో వేశారో తప్పకుండా రాయండి.